చేను చూచే చేతిపెట్టె



ఈవేళ నేను మీతో ముచ్చటించదలచినది ఎరువుల గురించి కాదు, పురుగుమందుల గురించీ కాదు. చేతిలో పట్టుకొని చేనిగట్టున తిరుగుతూ గాలిలో వేడిమి ఎంత, తేమ ఎంత, నేలలో పదును ఎంత, ఆకు ఎంత కాగి ఉన్నది అని అప్పటికప్పుడు చూచుకొనే ఒక చిన్న పెట్టె గురించి. ఇది నేను కొన్నది కాదు, కూర్చుకొన్నది. కూర్చేటప్పుడు తప్పులు చేశాను. వాటిలో ఒక తప్పువల్ల ఒక రైతు మిరప పూత పోగొట్టుకున్నాడు. ఆ సంగతి కూడా దాచకుండా చెప్తాను.

ముందు ఈ ఊహ ఎక్కడిదో చెప్పాలి గదా. 1966 సెప్టెంబరు 8వ తేదీన అమెరికాలో ‘స్టార్ ట్రెక్’ అనే టెలివిజన్ కథ మొదలయింది. అందులో ఆకాశనౌకలో తిరిగే మనుషులు కొత్త గ్రహం మీద దిగగానే, భుజానికి తగిలించుకొన్న నల్లటి పెట్టె మూత తెరిచి, ఇక్కడి గాలి పీల్చవచ్చునా, దగ్గరలో ప్రాణి ఏదైనా ఉన్నదా అని చూస్తారు. దాని పేరు ట్రైకార్డరు. పసిగట్టడం, లెక్కకట్టడం, రాసి పెట్టుకోవడం అనే మూడు పనులు చేస్తుంది గనుక ఆ పేరు. వా చాంగ్ అనే కళాకారుడు తయారుచేసిన ఆ పెట్టె లోపల నిజానికి ఏమీ లేదు. నాటకంలో రాజుగారి కత్తి ఎట్లాంటిదో అదీ అట్లాంటిదే. కానీ ఆ కథ చూచి పెరిగినవారు ఊరుకోలేదు. పీటర్ జాన్సెన్ అనే శాస్త్రజ్ఞుడు నిజంగా కొలిచే పెట్టెను కూర్చి, ఎవరైనా చేసుకోవచ్చునంటూ 2012లో దాని నమూనాలన్నీ లోకానికి ఉచితంగా ఇచ్చాడు.

మనకు కొత్త గ్రహాలతో పనిలేదు. మన చేలో ఈ మధ్యాహ్నం సంగతి తెలిస్తే చాలు.

ఇక పెట్టెలో ఏమేమి ఉన్నవో వినండి. దానికి మెదడు ఇ.ఎస్.పి.-32 అనే బోర్డు. అగ్గిపెట్టె అంత ఉంటుంది. గాలి వేడిమికీ, గాలి తేమకూ బి.ఎమ్.ఇ.280 అనే సెన్సారు. నేల వేడిమికి డి.ఎస్.18బి20, ఇది నీటికి తట్టుకొనే ఉక్కు తొడుగుతో, పొడుగాటి తీగతో వస్తుంది. ఆకును ముట్టుకోకుండానే దాని వేడిమి చెప్పేది ఎమ్.ఎల్.ఎక్స్.90614. వెలుతురుకు బి.హెచ్.1750. నేల పదునుకు కెపాసిటివ్ రకం గుచ్చుడు పుల్ల ఒకటి. అంకెలు చూపడానికి చిన్న ఓ.ఎల్.ఇ.డి. స్క్రీను. ఇవన్నీ పెట్టడానికి కరెంటు పనివాళ్లు వాడే ప్లాస్టిక్ జంక్షన్ పెట్టె. అన్నీ కలిపి నాకు మూడు వేల రూపాయల దాకా అయినవి. అందులో మూడో వంతు ఆకు వేడిమి సెన్సారుకే పోయింది.

కొనేటప్పుడు ఒక్క మాట గుర్తుంచుకోండి. బి.ఎమ్.ఇ. అని అడిగితే బి.ఎమ్.పి. అంటగట్టే అంగళ్లు ఉన్నవి. ఒక్క అక్షరం తేడా, కానీ బి.ఎమ్.పి. తేమను కొలవదు. నడుమ ఉండే చిన్న వెండిరంగు బిళ్లను చూడండి. నాలుగు పక్కలూ సమానంగా ఉంటే బి.ఎమ్.ఇ., ఒక పక్క పొడుగ్గా ఉంటే బి.ఎమ్.పి. నేను మొదటిసారి మోసపోయి, తేమ ఎప్పుడూ సున్నా చూపుతుంటే రెండు రోజులు తీగలను తిట్టుకున్నాను.

కూర్చడం మీరు భయపడినంత కష్టం కాదు. గాలి సెన్సారు, వెలుతురు సెన్సారు, ఆకు సెన్సారు, స్క్రీను ఈ నాలుగూ ఒకే రెండు తీగల మీద మాట్లాడుకుంటవి. ఆ తీగలు బోర్డు మీద 21, 22 అంకెల కాళ్లకు పోతవి. ఒకే వీధిలో నాలుగు ఇళ్లు ఉండి, ఒక్కొక్కదానికి ఇంటినంబరు ఉన్నట్లన్నమాట. గాలి సెన్సారుకు 76, వెలుతురుకు 23, ఆకుకు 5ఎ, స్క్రీనుకు 3సి సామాన్యంగా ఉండే నంబర్లు. ఆకు సెన్సారు కొంచెం నిదానస్తుడు. 100 కిలోహెర్ట్జులకు మించిన వేగంతో అడిగితే జవాబు చెప్పదు. కావున వీధి మొత్తాన్ని ఆ వేగంలోనే నడపాలి. నేల వేడిమి తీగకు 4.7 కిలోఓముల రెసిస్టరు ఒకటి పైకి కట్టవలెను. పదును పుల్లను 34వ కాలికి తగిలించండి. ఈ బోర్డులో కొన్ని కాళ్లు వైఫై నడుస్తున్నంతసేపూ కొలత చెప్పవు. 32 నుంచి 39 వరకు ఉన్నవాటికి ఆ చిక్కు లేదు. బోర్డు పనిచేసేది 3.3 వోల్టుల మీద. 5 వోల్టులు పంపే తీగను దాని కాలికి నేరుగా తగిలిస్తే పాడైపోవచ్చును.

కరెంటుకు మొదట ఫోను పవర్ బ్యాంకు వాడాను. పగలు బాగానే నడిచింది. రాత్రంతా పావుగంటకు ఒకసారి లేచి కొలిచి మళ్లీ నిద్రపోవాలని ఏర్పాటు చేస్తే, ఇంత తక్కువ తినేదానికి నేనెందుకన్నట్లు పవర్ బ్యాంకు తానే ఆగిపోయింది. ఇప్పుడు 18650 రకం లిథియం బ్యాటరీ, రక్షణ ఉన్న చార్జింగు బోర్డు, వోల్టేజీని 5కు పెంచే చిన్న బోర్డు పెట్టాను. ఈ బ్యాటరీని ఎండలో నిలిపిన మోటారు సైకిలు పెట్టెలో వదలకండి. వేడికి అది పాడవుతుంది, మంట కూడా పుట్టవచ్చును.

ప్రోగ్రాము రాయడం నాకూ రాదు. డిప్లొమాలో మాకు చెప్పింది నేలలు, పంటలు, పురుగులు. పాలిటెక్నిక్‌లో చదివే మా మేనల్లుడు ఒక ఆదివారం కూర్చొని రాసిపెట్టాడు. మీ ఊళ్లోనూ అట్లాంటి పిల్లలు ఉంటారు, అడగండి. వాళ్లకు సరదా, మనకు పని.

గాలి సెన్సారును మాత్రం పెట్టె లోపల బిగించకండి. బోర్డు వేడికి అది మూడు నాలుగు డిగ్రీలు ఎక్కువ చూపుతుంది. మూరెడు తీగ కట్టి బయటికి తీయండి. మూడు తెల్ల ప్లాస్టిక్ సాసర్లను నడుమ సందు వచ్చేట్టు ఒకదాని మీద ఒకటి బోర్లించి, ఆ నీడలో వేలాడదీయండి. వాతావరణ కేంద్రాలలో నాలుగడుగుల ఎత్తున తెల్లరంగు తడికెల పెట్టె ఉంటుంది చూచారా, స్టీవెన్సన్ స్క్రీను అంటారు, ఇదీ ఆ సూత్రమే. తీగ పొడుగ్గా ఉండటంవల్ల ఇంకొక లాభం కూడా ఉన్నది, తరువాత చెప్తాను.

వెలుతురు సెన్సారు గురించి ఎక్కువ చెప్పను. మామూలు పద్ధతిలో అది 54 వేల లక్సుల దగ్గరే ఆగిపోతుంది. మన మధ్యాహ్నపు ఎండ లక్ష దాటుతుంది. షేడ్‌నెట్ కింద నారు పెంచేవారికి మాత్రం పనికివస్తుంది.

ఇక అసలు సంగతి. కూర్చడం ఒక ఎత్తు, సరిచూచుకోవడం ఒక ఎత్తు.

మూడేళ్ల కిందటి మాట ఇది. అప్పటి నా పెట్టెలో పదును చెప్పేది రెండు కాళ్ల ఫోర్కు వంటి సెన్సారు. రెండు కాళ్ల మధ్య మట్టిలో కరెంటు ఎంత సులువుగా పారుతుందో చూచి పదును చెప్పే రకం. దానిని మా ఇంటి ముందరి చెలక మట్టిలో సరిచూచుకొని, నల్లరేగడిలో మిరప వేసిన ఒక పెద్దయ్య చేనికి పట్టుకుపోయాను. చేను నిండు పూత మీద ఉన్నది. మధ్యాహ్నం ఆకులు కొద్దిగా వాలినవి. “తడి పెడదామనుకుంటున్న సారూ” అన్నాడు. నేను పెట్టె గుచ్చి చూచాను, 70 అని వచ్చింది. “పదును బాగానే ఉన్నది పెద్దయ్యా, నాలుగు రోజులు ఆగండి” అన్నాను. నీళ్లు ఎక్కువైతే మిరపకు వేరుకుళ్లు వస్తుందని పాఠం కూడా చెప్పాను. ఆయన నా మాట మీద ఆగాడు. ఐదవ రోజు పోయి చూస్తే చెట్ల కింద పూత రాలి పడి ఉన్నది.

ఎందుకు అట్లా జరిగింది? ఆయన బోరు నీళ్లు ఉప్పన. మట్టిలో ఉప్పు ఉంటే కరెంటు సులువుగా పారుతుంది గనుక, ఆ రకం సెన్సారు పొడినేలను కూడా తడినేల అంటుంది. ఇది ఒకటి. రెండవది, రేగడి తాను పట్టిన నీటినంతా మొక్కకు ఇవ్వదు. చెలక నేల నిండా తాగినప్పుడు పట్టే నీటికన్నా, రేగడి మొక్కను వాడ్చే వేళకు తనలో దాచుకొన్న నీరే ఎక్కువ కావచ్చును. చెలకలో నేర్చుకొన్న అంకె రేగడిలో అబద్ధమవుతుంది. పుస్తకంలో చదివినదే ఇది. చేలో నిలబడ్డప్పుడు గుర్తుకు రాలేదు.

పెద్దయ్య కోపపడలేదు. “పెట్టెనడిగినవు గాని సారూ, చెట్టునడగకపోతివి” అన్నాడు. నష్టం ఎంతని ఆయన చెప్పలేదు, నేనూ అడగలేకపోయాను. తరువాత రెండు నెలలు ఆ పెట్టెను అటక మీద పడేశాను.

ఇప్పుడు వాడేది కెపాసిటివ్ రకం. దీని లోహం మట్టిని తాకదు గనుక తుప్పు పట్టదు, ఉప్పు ప్రభావమూ చాలా తక్కువ. అయినా ప్రతి నేలకూ విడిగా సరిచూడవలసిందే. ఎట్లాగంటే, ఆ చేని మట్టినే ప్లాస్టిక్ బకెట్టెడు తెచ్చి, గడ్డలు చిదిపి, నాలుగు రోజులు ఎండబెట్టండి. బకెట్టులో అదిమి నింపి, పుల్లను గీత వరకు గుచ్చి అంకె రాసుకోండి. అడుగున చిల్లులు ఉన్న ఇంకొక బకెట్టులో అదే మట్టి నింపి నిండా నీళ్లు పోసి, ఒక రాత్రి కారనిచ్చి మళ్లీ అంకె చూడండి. పొడికి పెద్ద అంకె, తడికి చిన్న అంకె వస్తుంది, కంగారు పడకండి. ఈ రెండు అంకెల నడుమనే మీ చేను ఉంటుంది. ఆ నడిమి భాగంలో ఎక్కడ తడి పెట్టాలనేది మాత్రం బకెట్టు చెప్పదు. మీరు మామూలుగా మట్టిని పిడికిట పట్టి ఉండ చేసి చూస్తారు గదా, అట్లా చూచి “ఇక తడి పెట్టాలి” అనిపించిన రోజున పుల్ల గుచ్చి ఆ అంకె రాసుకోండి. ఒక పంటకాలం అట్లా రాసుకొంటే అప్పుడు పెట్టెకు మీ చేను తెలుస్తుంది.

పుల్ల పొడుగు నాలుగంగుళాలకు మించదు. మిరప వేరు అంతకన్నా లోతుకు పోతుంది. కావున గడ్డపారతో జానెడు గుంట తీసి అడుగున గుచ్చాలి. రేగడి పగుళ్లలో గుచ్చితే గాలి తగిలి ఊరికే పొడి అంటుంది. పుల్ల పైభాగంలో చిన్న చిన్న పార్టులు ఉంటవి, వాటికి నీరు తగలకుండా గోళ్లరంగు రెండు పూతలు వేయండి. మా ఇంట్లో సీసా ఖాళీ అయినందుకు నాకు చీవాట్లు పడ్డవి, అది వేరే సంగతి.

పెద్దయ్య మాటే నన్ను ఆకు వేడిమి వైపు తిప్పింది. మొక్క నీరు తాగుతున్నంతసేపూ ఆకు రంధ్రాల గుండా ఆవిరి వదులుతుంది. కూజాలో నీళ్లు చల్లబడినట్లు ఆకు చల్లబడుతుంది. నీరు అందకపోతే రంధ్రాలు మూసుకొని ఆకు కాగుతుంది. అమెరికాలోని ఆరిజోనాలో ఇడ్సో, జాక్సన్ అనే శాస్త్రజ్ఞులు, వారి సహచరులు 1981లో దీన్నిబట్టి పంట దాహాన్ని లెక్కకట్టే పద్ధతి చెప్పారు. మనం చేసేది దానికి నాటురకం అనుకోండి. చేలో ఒక మూల నాలుగు గజాల జాగాలో ఎప్పుడూ దాహం లేకుండా తడి ఇవ్వండి. మబ్బులేని రోజు మధ్యాహ్నం 12 గంటలనుంచి 2 గంటల మధ్య ఆ జాగాలో పది ఆకులు, మిగతా చేలో పది ఆకులు చూడండి. సూర్యుడు మీ వెనుక ఉండాలి, కానీ మీ నీడ ఆకు మీద పడకూడదు. తేడా అరడిగ్రీ ఉంటే పట్టించుకోనక్కరలేదు, సెన్సారు తప్పే అంత ఉంటుంది. చేను రెండు మూడు డిగ్రీలు ఎక్కువ కాగి ఉంటే దాహంతో ఉన్నదన్నమాట. ముసురు పట్టిన రోజుల్లో, గాలిలో తేమ నిండుగా ఉన్నప్పుడు ఈ తేడా కనబడదు. అప్పుడు దీనిని అడగవద్దు.

ఈ సెన్సారును దూరంనుంచి చూపితే లాభం లేదు. మామూలుగా దొరికే రకానికి చూపు చాలా వెడల్పు. అంగుళం దూరంనుంచి రెండంగుళాల వృత్తాన్ని, అడుగు దూరంనుంచి రెండడుగుల వృత్తాన్ని చూస్తుంది. మధ్యలో ఎండకు మాడుతున్న మట్టి కనబడితే ఆ వేడి కూడా కలిపి చెబుతుంది. గుబురుగా ఉన్న చోట ఆకుకు అంగుళం దగ్గరగా పట్టండి.

గాలి తేమను సరిచూచుకోవడానికి వంటింట్లో ఉప్పు చాలు. చిన్న మూతలో ఉప్పు పోసి, తడిసి ముద్ద అయ్యేంత నీరు మాత్రమే చిలకరించండి. ఉప్పు కరిగిపోకూడదు. దానినీ, సెన్సారునూ ఒకదానికొకటి తగలకుండా మూత గట్టి సీసాలో పెట్టి రాత్రంతా ఉంచండి. తెల్లవారేసరికి 75 శాతం చూపాలి. 80 చూపితే మీ సెన్సారు ఆ దరిదాపుల్లో అయిదు ఎక్కువ చెబుతున్నదని రాసుకోండి. నేల వేడిమి తీగను దంచిన మంచుగడ్డ వేసిన నీళ్లలో ముంచితే సున్నా చూపాలి. గాలి సెన్సారును మాత్రం నీళ్లలో ముంచేరు సుమా!

యాసంగి వరిలో రాత్రిపూట ఈ పెట్టె పనికివస్తుంది. రాత్రి వేడిమి 20 డిగ్రీలకు దిగి, గాలి తేమ 90 శాతం దాటి, ఆకు మీద మంచు గంటల తరబడి నిలిస్తే అగ్గితెగులుకు అనువు. వరుసగా నాలుగు రాత్రులు అట్లా వచ్చాయని పెట్టె రాసిపెడితే, ఐదవనాడు ఆకులను వంగి చూడండి. పెట్టె అంకె చూచి మందు కొట్టకండి. నూలుకండె ఆకారపు మచ్చ కంటికి కనబడాలి.

ఇక్కడ ఒక ముఖ్యమైన మాట. ఈ పెట్టెను ఊళ్లో చూపినప్పుడల్లా ఎవరో ఒకరు అడుగుతారు: “సారూ, పాతబాయిలోకి దిగే ముందు అందులో చెడుగాలి ఉన్నదో లేదో ఇది చెప్తదా?” చెప్పదు. అంగట్లో వంద రెండు వందలకు ఎమ్.క్యూ. రకం గ్యాస్ సెన్సార్లు దొరుకుతవి. వాటిని తగిలిస్తే ఏదో ఒక అంకె వస్తుంది. కానీ ఆ అంకె ఏ గ్యాసుదో, ఎంతో అది విడదీసి చెప్పలేదు. ప్రాణవాయువు తగ్గిందని అసలే చెప్పదు. బావిలో మనిషిని చంపేది చాలాసార్లు ఆ తగ్గుదలే. దీపం దించి చూచే పాత పద్ధతి కూడా చాలదు. దీపం చక్కగా వెలుగుతుండగానే విషవాయువు మనిషిని పడగొట్టగలదు. మండే వాయువు ఉంటే దీపమే ప్రమాదం. ఒకరు పడిపోతే కాపాడదామని ఇంకొకరు, వారికోసం మరొకరు దిగి ముగ్గురూ పోయిన ఇళ్లు ఉన్నవి. పూడిక తీయవలసి వస్తే అగ్నిమాపక సిబ్బంది వద్ద, గనులలో వాడే నాలుగు గ్యాసుల మీటరుతో పరీక్ష చేయించకుండా ఎవరినీ దింపకండి. నా పెట్టెలో ఆ సెన్సారు పెట్టలేదు, పెట్టమని అడిగినవారికీ వద్దన్నాను.

చివరగా, గాలి సెన్సారు తీగ పొడుగ్గా ఉంటే ఇంకొక లాభం ఉన్నదన్నాను గదా. అది వడ్ల సంగతి. కొనుగోలు కేంద్రంలో వడ్లకు తేమ 17 శాతం మించకూడదు. ఆ 17ను మన పెట్టె కొలవలేదు, దానికి అక్కడి మీటరే ఉండాలి. కానీ విత్తనానికి దాచుకొనే వడ్లు 13 శాతానికి ఆరినవా లేదా అన్నది మన పెట్టె చాలావరకు చెప్పగలదు. గాజు సీసాలో ముప్పాతిక వంతు వడ్లు పోసి, సెన్సారును పలుచటి గుడ్డలో చుట్టి నడుమ పెట్టి, మూతకు చేసిన తీగ రంధ్రాన్ని మైనంతో మూసి నీడలో ఉంచండి. మూడు నాలుగు గంటలకు అంకె నిలకడ పడుతుంది. గింజల నడుమ గాలి తేమ 65 శాతం లోపల ఉంటే బూజు పట్టదు, నిల్వకు ఆరినట్లే. 70 దాటితే ఇంకా కల్లంలో పోయాలి.

సెన్సారు లేనివారికి ఒక పాత చిట్కా ఉన్నది. బాగా పొడిగా ఉన్న గాజు సీసాలో పావువంతు వడ్లు, రెండు చెంచాల పొడి ఉప్పు వేసి, మూత బిగించి ఒక నిమిషం ఆడించి, పావుగంట ఆగి చూడాలి. ఉప్పు సీసా గోడలకు అంటుకొంటే తేమ 15 శాతం దాటి ఉన్నట్లు. ఇందాక చెప్పిన 75 శాతం సూత్రమే ఇది. అంతకు మించిన తేమగాలిలో ఉప్పు చెమ్మగిల్లుతుంది.

పోయిన యాసంగిలో ఆ మిరప పెద్దయ్యే విత్తనపు వడ్లు సీసాలో పోసుకొని మా ఆఫీసుకు వచ్చాడు. పెట్టె 72 చూపింది. ఇంకొక రెండు ఎండలు కానిమ్మన్నాను. మూడవనాడు మళ్లీ తెస్తే 63 వచ్చింది. ఈసారి ఆయన సంచిలో రెండో సీసా కూడా ఉన్నది. అందులో వడ్లతోపాటు ఉప్పు వేసి తెచ్చాడు. ముందు దానిని వెలుతురుకు ఎత్తి, గోడలకు ఉప్పు అంటలేదని చూచుకొని, ఆ తరువాతనే నా అంకె ఎంతని అడిగాడు.